బర్డ్ ఫ్లూ మనుషుల్లో మహమ్మారిగా మారే ప్రమాదం ఎంత? మా ఊళ్లో నాటుకోళ్లు చస్తున్నాయి

చీనీతోట రైతు (అనంతపురం జిల్లా)

అందరికీ నమస్కారం. మాది నార్పల మండలంలో ఒక చిన్న పల్లె. నాకు ఐదు వేల కోళ్లు పట్టే బ్రాయిలర్ షెడ్డు ఒకటి, నాలుగెకరాల చీనీ తోట ఉన్నాయి. షెడ్డుకు కూతవేటు దూరంలో మా ఇల్లు, వాకిట్లో మా అమ్మ పెంచుకునే నాటుకోళ్లు పదిహేను దాకా ఉండేవి. పోయిన ఆదివారం నుంచి మంగళవారం లోపల వాటిలో తొమ్మిది చచ్చిపోయాయి. మొదటి రోజు సాయంత్రం రెండు పెట్టలు రెక్కలు వాల్చి గంప పక్కన కునుకుతూ కూర్చున్నాయి. తెల్లవారి చూస్తే వాటి జుట్టు నల్లగా కమిలిపోయి, ముక్కు వెంట నీరు కారి, కాళ్లు చాపి పడి ఉన్నాయి. ఏటా చలి దిగే రోజుల్లో కోళ్లకు వచ్చే కొక్కెర తెగులేనని (రాణిఖేత్), దీనికి ఇంత హైరానా అక్కర్లేదని మా అమ్మ అంటోంది.

నన్ను కలవరపెట్టిన సంగతి వేరే ఉంది. పక్కింటివాళ్లు తమ కోడి ఒకటి కునకడం చూసి, చచ్చిపోతే నష్టమని, ప్రాణం పోకముందే దాన్ని కోయించి పులుసు పెట్టుకున్నారు. కోసి, బొచ్చు పీకి ఇచ్చింది మా షెడ్డులో పనిచేసే అబ్బాయి. మూడో రోజుకు అతనికి రెండు కళ్లూ ఎర్రబడి, ఒళ్లు వెచ్చబడింది. టౌనులో ఒక క్లినిక్‌కు వెళ్తే కండ్లకలక అని చెప్పి చుక్కల మందు ఇచ్చి పంపించారు. కోళ్లను ముట్టుకున్నావా అని అక్కడ ఎవరూ అడగలేదు, ఈ అబ్బాయీ తనంతట తాను చెప్పలేదు.

ఇది బర్డ్ ఫ్లూయేనా, అయితే నేను ఇప్పుడు ఎవరికి చెప్పాలి అన్నది నా మొదటి ప్రశ్న. రెండోది ఇంకా పెద్దది. ఈ జబ్బు కరోనా మాదిరిగా మనిషి నుంచి మనిషికి పాకే రోజు వస్తుందని కొందరు, ఇరవై ఏళ్లుగా ఇదే మాట చెబుతున్నా ఏమీ కాలేదని మరికొందరు అంటున్నారు. నా షెడ్డులో రోజూ ముగ్గురు పనిచేస్తారు, మా మూడేళ్ల పాప ఆ వాకిట్లోనే ఆడుకుంటుంది. వాళ్లకు ఏం చెప్పాలో తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి.

పెన్న గట్టు (కడప)

నేను పశువైద్యుడిగా పనిచేసి రిటైర్ అయినవాణ్ని. మీ మొదటి ప్రశ్నకు గంటల్లో చేయవలసిన పని ఉంది కాబట్టి ముందు అదే చెబుతాను. కొక్కెరకూ బర్డ్ ఫ్లూకూ తేడా కంటితో చూసి తేల్చగలిగేది కాదు. మెడ మెలిపడి, పచ్చగా పారితే కొక్కెర అనీ, జుట్టూ తమ్మెలూ నల్లబడి, కాళ్ల మీద ఎర్రటి మచ్చలు కనిపిస్తే బర్డ్ ఫ్లూ అనీ చెప్పుకుంటాం గాని, రెండింట్లోనూ ఈ లక్షణాలు కలగలిసి వస్తాయి, ఒక్కోసారి ఏ లక్షణమూ కనిపించకుండానే కోడి రాత్రికి రాత్రి పడిపోతుంది. నా ఉద్యోగ కాలంలో నేను కొక్కెర అనుకున్నవాటిని కూడా పరీక్షకు పంపకుండా కొక్కెర అని రాయలేదు. కాబట్టి ఈ రోజే మీ ఊరి రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి గాని, మండల పశువైద్యుడికి గాని ఫోన్ చేయండి. వారు వచ్చి కోళ్ల గొంతు నుంచీ మలద్వారం నుంచీ నమూనాలు తీసి, ఐసులో పెట్టి పంపిస్తారు. మన దేశంలో బర్డ్ ఫ్లూను ఖరారు చేసేది భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల.

ఫలితం వచ్చేదాకా మిగిలిన ఆరు కోళ్లను బయటికి వదలకండి, అమ్మకండి, చుట్టాలకు ఇవ్వకండి. చచ్చినవాటిని కుక్కలు తవ్వలేనంత లోతు గుంట తీసి, సున్నం చల్లి పూడ్చండి. వాకిలి ఊడ్చేముందు నీళ్లలో బ్లీచింగ్ కలిపి తడపండి, పొడి దుమ్ము లేవనివ్వకండి. అన్నిటికన్నా ముఖ్యంగా, మీ అమ్మగారు ఆ వాకిట్లో తొడుక్కున్న చెప్పులతో షెడ్డులోకి పోకూడదు, షెడ్డు మనుషులు ఈ వాకిట్లోకి రాకూడదు. బ్రాయిలర్ షెడ్డు పక్కనే నాటుకోళ్లు తిరగడం మొదటినుంచీ ఉన్న లోపమే. ఆమె ఆ కోళ్లను ఎంత ప్రేమగా పెంచుకుంటారో నాకు తెలుసు గనుక తీసేయమనడం లేదు, కంచె కట్టమంటున్నాను.

ఇది కోస్తా జిల్లాల జబ్బు, మన ఎండలకు ఇక్కడ నిలవదు అనే ధీమా కూడా వద్దు. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరులోనూ ఫారాల్లో బయటపడిన రోజుల్లోనే కర్నూలు నగరంలోని ఎన్.ఆర్.పేటలో ఇళ్ల మధ్య పెంచుకునే పక్షుల్లో కూడా బయటపడింది. ఎండకు ఈ వైరస్ తొందరగా చస్తుందన్నది నిజమే, కాని చలికాలంలో నీళ్లలోనూ పెంటలోనూ చాలా రోజులు బతుకుతుంది.

వ్యాధి ఖరారైతే చుట్టూ కిలోమీటరు లోపలి కోళ్లన్నిటినీ చంపి పూడుస్తారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. ఆ భయంతోనే చాలామంది చెప్పకుండా దాచిపెడతారు. కాని అధికారులు చంపించిన కోళ్లకు కేంద్రం, రాష్ట్రం చెరి సగం భరించి పరిహారం ఇస్తాయి, అంతకుముందే చచ్చిన కోళ్లకు ఇవ్వవు. అంటే ఆలస్యంగా చెప్పిన ప్రతి రోజూ రైతుకే నష్టం. ఆ పరిహారం పెట్టిన ఖర్చుకు సరిపోదన్న బాధ న్యాయమైనదే. అది పెంచమని అడగాలి, జబ్బును దాచకూడదు.

ఇక మీ పనివాడి సంగతి. అతన్ని రేపటిదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోయి, జబ్బు కోడిని కోశాడని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. బర్డ్ ఫ్లూ అనుమానం ఉంటే ముక్కు, గొంతు, కంటి నమూనాలు తీస్తారు, ఒసెల్టామివిర్ మాత్రలు మొదలుపెడతారు. ఆ మాత్రలు లక్షణాలు కనిపించిన 48 గంటల లోపల వేస్తేనే బాగా పనిచేస్తాయి, అయితే ఆ గడువు దాటిందని మానేయకూడదు. కొక్కెర వైరస్ కూడా చేతుల ద్వారా మనిషి కంట్లో పడితే కండ్లకలక తెప్పిస్తుంది, కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. ఏది అన్నది పరీక్షే చెప్పాలి.

హంద్రీ తీరం (కర్నూలు)

నేను డిగ్రీ కళాశాలలో మైక్రోబయాలజీ చెబుతాను. డాక్టరు గారు చెప్పినదానికి నేను చేర్చేది లేదు కనుక మీ రెండో ప్రశ్నకే పరిమితమవుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ కలిసి వేసిన అంచనాల ప్రకారం ఈ వైరస్ వల్ల సామాన్య ప్రజలకు ఉన్న ప్రమాదం తక్కువ. కోళ్లతో, పశువులతో రోజూ మెలిగేవారికి మాత్రం అది తక్కువ నుంచి మధ్యస్థం దాకా ఉంటుంది. మీ షెడ్డులోని ముగ్గురూ ఆ రెండో వర్గంలోకి వస్తారు.

ఇన్నాళ్లూ మహమ్మారి ఎందుకు కాలేదంటే, ఈ బర్డ్ ఫ్లూను తెచ్చే హెచ్5ఎన్1 వైరస్ పక్షి ఒంటికి అలవాటుపడిన వైరస్. కణంలోకి దూరాలంటే అది ముందు కణం పైనుండే ఒక రకం చక్కెర అణువును పట్టుకోవాలి. పక్షుల పేగుల్లో, శ్వాసనాళాల్లో ఉండే ఆ అణువు మన ముక్కులోనూ గొంతులోనూ చాలా తక్కువ. మనలో అది ఎక్కువగా ఉండేది ఊపిరితిత్తుల అడుగున, కంటి పొరల మీద. అందుకే ఈ వైరస్ మనిషికి అంత తేలికగా అంటదు. అంటి ఊపిరితిత్తుల లోతుకు దిగితే మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. కంట్లో పడితే కళ్లు ఎర్రబడడంతోనే ఆగిపోవచ్చు. ముక్కులో, గొంతులో బాగా పెరగదు కాబట్టి దగ్గుతోనూ తుమ్ముతోనూ పక్కవారికి పాకడం లేదు. మహమ్మారి కావాలంటే ఆ వైరస్ మన ముక్కులోని అణువును పట్టుకోవడం నేర్చుకోవాలి, మనిషి ఒంటి వేడిలో వేగంగా పెరగగలగాలి, తుంపరల్లో గాలిలో తేలుతూ చెడిపోకుండా ఉండాలి. ఇవన్నీ ఒకే వైరస్‌లో కలిసి రావాలి.

అలా కలిసి రావడం అసాధ్యమేమీ కాదు. 2012లో రెండు పరిశోధక బృందాలు హెచ్5 రకం వైరస్‌లు కొన్ని మార్పులతోనే, మనిషికి సోకినట్టే ఫ్లూ సోకే ఫెర్రెట్ అనే జంతువుల మధ్య గాలి ద్వారా పాకగలవని చూపించాయి. 2024 డిసెంబరులో వచ్చిన మరో పరిశోధన, అమెరికా ఆవుల్లో తిరుగుతున్న వైరస్ పైపొర ప్రోటీన్‌లో ఒక్క మార్పు జరిగితే చాలు, అది మనిషి తరహా అణువును పట్టుకోవడం మొదలుపెడుతుందని ప్రయోగశాలలో తేల్చింది. ఆ ఒక్క మార్పుతోనే మహమ్మారి రాదు, మిగిలినవీ తోడు కావాలి. కాని మనం అనుకున్నంత దూరం లేదని అది చెబుతోంది.

ఇంకొక దారి ఉంది, నాకు ఎక్కువ భయం దాని గురించే. ఫ్లూ వైరస్ జన్యుపదార్థం ఎనిమిది విడి ముక్కలుగా ఉంటుంది. మామూలు ఫ్లూతో జ్వరం పడిన మనిషికే అదే వారంలో పక్షి వైరస్ కూడా సోకితే, ఒకే కణంలో రెండింటి ముక్కలూ కలగలిసి కొత్త వైరస్ పుట్టవచ్చు. 1957లోనూ 1968లోనూ వచ్చిన ఫ్లూ మహమ్మారులు ఇలా పక్షి ముక్కలూ మనిషి ముక్కలూ కలిసినప్పుడు పుట్టినవే. పందిలో ఇలాంటి కలయికలు తేలికగా జరుగుతాయి, 2009 స్వైన్ ఫ్లూ వైరస్ అలా వచ్చిందే. మీ షెడ్డు మనుషులకు ఏటా మామూలు ఫ్లూ టీకా వేయించమని నేను చెప్పేది ఇందుకే. ఆ టీకా బర్డ్ ఫ్లూను ఆపదు, కాని రెండు వైరస్‌లు ఒకే ఒంట్లో కలుసుకునే అవకాశాన్ని తగ్గిస్తుంది. అమెరికాలో 2024లో పాడి కార్మికులకు ఆ టీకాలు వేయించే ప్రయత్నం చేసింది ఈ లెక్కతోనే.

గత ఐదారేళ్లలో మారింది ఏమిటంటే, ఈ వైరస్ కోళ్లకూ బాతులకూ పరిమితం కాకుండా క్షీరదాల్లోకి ముందెన్నడూ లేనంతగా చొరబడింది. 2024 మార్చిలో అమెరికా పాడి ఆవుల్లో కనిపించింది, పొదుగులో పెరిగి పాలలోకి వస్తోంది. ఆ దేశంలో దాదాపు డెబ్బై మందికి సోకింది, ఎక్కువమంది పాలు పితికేవారు, కోళ్లను చంపే పనిలో ఉన్నవారే, చాలామందికి వచ్చింది మీ అబ్బాయికి వచ్చినట్టు కళ్లు ఎర్రబడడమే. 2025 జనవరిలో లూసియానాలో ఒకరు చనిపోయారు. 2025 మార్చిలో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో ఒక గొర్రెలో కూడా కనిపించింది. గొర్రెల మందలతో బతికే మన జిల్లాల వారు ఇది గుర్తుంచుకోవాలి. మన దేశంలోనే నాగపూర్‌లోని గోరెవాడ వన్యప్రాణి సంరక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుతపులి ఈ వైరస్‌తో చనిపోయాయి.

మనుషుల మరణాల గురించి రెండు వైపులా తప్పుగా మాట్లాడుతున్నారు. 2003 నుంచి నమోదైన తొమ్మిది వందలకు పైగా కేసుల్లో దాదాపు సగం మంది చనిపోయారన్నది వాస్తవం. అయితే ఆసుపత్రి దాకా వచ్చినవారే ఎక్కువగా లెక్కకెక్కారు, తేలికగా వచ్చి పోయినవారు లెక్కలో లేరు. అందువల్ల రేపు మహమ్మారి వస్తే సగం మంది పోతారని చెప్పడం సరికాదు. అలాగని తేలికపాటి జబ్బేననడం ఇంకా తప్పు. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప హెచ్5ఎన్1తో మంగళగిరిలో చనిపోయింది. ఆ పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని వార్తల్లో వచ్చింది. కంబోడియాలో 2023 నుంచి వరుసగా వస్తున్న కేసుల్లో చాలావరకు పల్లెల్లో జబ్బుపడిన, చచ్చిన పెరటికోళ్లను కోసి వండినవారు, ఆ ఇళ్లలోని పిల్లలే. మీ పక్కింట్లో జరిగింది సరిగ్గా అదే.

ఇరవై ఏళ్లుగా చెబుతున్నా ఏమీ కాలేదనే మాట నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే చేసిన పనిని అది లెక్కలోకి తీసుకోదు. 1997లో హాంకాంగ్‌లో 18 మందికి సోకి ఆరుగురు చనిపోయినప్పుడు అక్కడివారు కొద్ది రోజుల్లోనే దాదాపు 15 లక్షల కోళ్లను చంపేశారు, అక్కడితో ఆ గొలుసు తెగింది. చైనాలో 2013లో మొదలైన హెచ్7ఎన్9 అనే మరో రకం పదిహేను వందల మందికి పైగా సోకి ఆరు వందల మందికి పైగా ప్రాణాలు తీసింది. 2017లో కోళ్లకు టీకాలు వేయడం మొదలుపెట్టాక మనుషుల్లో కేసులు దాదాపు కనుమరుగయ్యాయి.

షెడ్డు మనిషి (ఆదోని)

అన్నా, నేను పన్నెండేళ్లుగా కోళ్ల షెడ్లలోనే పనిచేస్తున్నాను, ఇప్పుడు సూపర్‌వైజర్‌ని. మాస్కు, కళ్లద్దాలు, గ్లౌజులు, ఒళ్లంతా కప్పే కోటు వేసుకోమని అందరూ చెబుతారు. మార్చి దాటాక రేకుల షెడ్డులో ఆ కోటు వేసుకుని అరగంట నిలబడినవారికి తెలుస్తుంది ఎందుకు తీసేస్తారో. అందుకని మేము ఏ పనికి ఏది తప్పదో ముందే తేల్చుకున్నాం.

బ్యాచ్ పోయాక కింద పరిచిన బుడ్డల పొట్టు ఎత్తేటప్పుడు లేచే దుమ్మే అన్నిటికన్నా చెడ్డది, ఎండిన పెంటంతా గాలిలో ఉంటుంది. ముందు రోజు సాయంత్రమే మందు నీళ్లు కొట్టి తడిపి, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు ఎత్తుతాం. ఆ రెండు గంటలూ మాస్కూ కళ్లద్దాలూ వేసుకోనివారిని లోపలికి రానివ్వను. చచ్చిన కోళ్లను ఏరేటప్పుడు గ్లౌజులు తప్పవు. షెడ్డు చెప్పులు షెడ్డులోనే ఉంటాయి, గుమ్మం దగ్గర బ్లీచింగ్ నీళ్ల తొట్టి ఉంటుంది, దాన్ని రోజూ మార్చాలి, మురికి పట్టిన నీళ్లలో కాళ్లు ముంచి లాభం లేదు. సబ్బుతో చేతులు కడగకుండా కన్ను నలపకూడదని కొత్తగా వచ్చిన ప్రతివాడికీ మొదటి రోజే చెబుతాను, ఎందుకంటే అమ్మోనియా వాసనకు కళ్లు మండి చేయి దానంతటదే కంటికి పోతుంది.

ఇంకొక సంగతి, మీకు చీనీ తోట ఉందన్నారు కాబట్టి అడుగుతున్నాను. కోళ్ల ఎరువు పచ్చిది తోలించుకుంటున్నారా? ఒక ఊరి షెడ్డులోని పెంట టిప్పర్‌లో ముప్ఫై కిలోమీటర్లు పోయి తోటల్లో పడుతుంది, దారి పొడుగునా రాలుతుంది, ఆ టిప్పరే మళ్లీ ఇంకో షెడ్డు వాకిట్లోకి వస్తుంది. కుప్ప పోసి, పట్ట కప్పి, బాగా మాగిన తర్వాతే తోటకు వాడండి.

హిందూపురం నుంచి

చిలమత్తూరు మండలం వీరాపురానికి ఏటా వచ్చే కొంగల వల్ల మా ప్రాంతానికి ప్రమాదం ఉందా? అవి సైబీరియా నుంచి వస్తాయని మావాళ్లు అంటారు. అలాగే కోడికూర, గుడ్లు తినవచ్చా లేదా చెప్పండి.

పెన్న గట్టు (కడప)

వీరాపురం వచ్చేవి ఎర్రకాళ్ల కొంగలు. అవి సైబీరియావి కావు, మన దేశంలోనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి తిరిగే పక్షులు. ఈ వైరస్‌కు సహజంగా ఆశ్రయమిచ్చేవి ముఖ్యంగా అడవి బాతులు, వాటి జాతి నీటి పక్షులు. ఏ పక్షినైనా తరిమితే వైరస్ కూడా దానితోపాటే చెదిరిపోతుంది కనుక వాటి జోలికి పోకండి. ఊరి చింతచెట్ల కింద కొంగలు ఒకేసారి ఎక్కువగా చచ్చి పడితే మాత్రం ముట్టుకోకుండా అటవీ, పశుసంవర్ధక శాఖల వారికి చెప్పాలి. ఆ కొంగలను పిల్లల్లా కాపాడుకుంటున్న ఊరు అది, ఆ ఊరివారిని భయపెట్టడం తగదు.

కూర సంగతికి వస్తే, మాంసం లోపలిదాకా 70 డిగ్రీల వేడి తగిలితే వైరస్ చస్తుంది. మనం పులుసు మరిగించే తీరుకు అంతకన్నా చాలా ఎక్కువే తగులుతుంది. ఆరోగ్యంగా ఉన్న కోడిని బాగా ఉడికించి సంగటితో తినడానికి ఏ ఇబ్బందీ లేదు. సగం ఉడికిన గుడ్డు వద్దు, పాలు కాచి తాగాలి. ప్రమాదమంతా వండకముందు జరుగుతుంది, కోసేటప్పుడు చిమ్మే రక్తంతో, బొచ్చు పీకే చేతులతో, అదే కత్తిపీట మీద పచ్చి ఉల్లిగడ్డ తరగడంతో. కునికే కోడిని మాత్రం కోయనే కూడదు.

చీనీతోట రైతు (అనంతపురం జిల్లా)

పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. డాక్టరు గారి జవాబు చదివిన రోజే మండల పశువైద్యుడికి ఫోన్ చేశాను, మరుసటి రోజు ఉదయం వచ్చి నమూనాలు తీసుకుపోయారు. ఆ అబ్బాయిని పెద్దాసుపత్రికి తీసుకుపోయి జబ్బు కోడిని కోశాడని ముందుగానే చెప్పాను. వెంటనే వేరే గదిలో కూర్చోబెట్టి, ముక్కులోనూ కంట్లోనూ నమూనాలు తీసి, మాత్రలు ఇచ్చారు. మా ఇంటికి ఆరోగ్య కార్యకర్త పది రోజులు రోజూ వచ్చి మా పాపకూ అమ్మకూ జ్వరం ఉందేమో చూసిపోయింది.

ఫలితాలు వచ్చాయి. కోళ్లలో బర్డ్ ఫ్లూ లేదు, కొక్కెరే. ఆ అబ్బాయికి కూడా ఫ్లూ లేదని తేలింది, కళ్లు తేటపడ్డాయి. మా అమ్మ తాను చెప్పిందే నిజమైందని రెండు రోజులు అంటూనే ఉంది. అయితే కోడి ఒంట్లోని వైరస్ ఆ అబ్బాయి చేతుల మీదుగా కంట్లోకి పోయిన దారి ఏదో, ఈసారి కొక్కెర కాబట్టి కండ్లకలకతో పోయిందిగాని, ఇంకొకటైతే అదే దారిన వచ్చేదని ఆమెకు వివరించి చెప్పాను. ఆ మాట విన్నాక పాపను గంపల దగ్గరికి పోనివ్వడం మానేసింది. షెడ్డుకూ వాకిలికీ మధ్య కంచె కట్టించాను, చెప్పులు వేరుచేశాం. ముగ్గురికీ, నాకూ వచ్చే వారం ఫ్లూ టీకా వేయిస్తున్నాను. ఆదోని అన్న అడిగిన ఎరువు సంగతి నిజమే, పచ్చిదే తోలిస్తున్నాను. ఈ సారి కుప్పకు పట్ట కప్పాను.

నిన్న సాయంత్రం పక్కింటి ఆమె తానే మా ఇంటికి వచ్చింది. వాళ్ల పుంజు పొద్దుటినుంచి కునుకుతోందని, ఇంకా కోయలేదని, మేము పిలిచిన డాక్టరు నంబరు ఇవ్వమని అడిగింది.